డైరెక్టర్ల తాంబూలం

మా అపార్టుమెంటులో ఎవరి పసిపిల్లకో జలుబు చేసినట్టుంది. మొన్న పొద్దున లిఫ్టు తలుపు తెరుచుకోగానే నీలగిరి తైలం వాసన గుప్పుమంది. లోపల మనుషులెవరూ లేరు, వాసన ఒక్కటే ఉంది. నా కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి. గుండె దడదడలాడింది, అరచేతులు చెమర్చాయి. ఈ వయసులో ఇలా అయితే మా పిల్లలు డాక్టరు దగ్గరికి పరిగెత్తిస్తారు కనుక వాళ్లకి చెప్పలేదు. నాకు కారణం తెలుసు. ఆ వాసన దీనమ్మ టీచరుగారిది. ఆవిడకి భయం వేసినప్పుడల్లా చేతిరుమాలు మీద కాస్త నీలగిరి తైలం చిలకరించుకుని ముక్కు దగ్గర పెట్టుకునేవారు. ఆవిడకి భయం వెయ్యని పూటంటూ లేదు కనుక, ఆవిడ ఉన్నచోటల్లా ఆ వాసన ఉండేది. మెట్లెక్కి ఇంటికి వచ్చి, మంచినీళ్లు తాగి, చాలాసేపు కుర్చీలో అలాగే కూర్చున్నాను.

మీరెవరూ ఆవిడని చూసి ఉండరు. పొట్టిగా, సన్నగా, నీలం అంచు తెల్లచీరలో, ఎప్పుడూ గోడ పక్కనుంచే నడిచే మనిషి. టెక్కలిలో మిషన్ వాళ్ల ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్. ఉరుములంటే భయం, కుక్కలంటే భయం, బస్సు కండక్టరంటే భయం, టెలిగ్రాం తెచ్చే మనిషి సైకిలు బెల్లంటే మరీ భయం. మేం ఆవిడకి భయం టీచరని పేరు పెట్టుకున్నాం. ఆవిడ నడకని అనుకరించి అందర్నీ నవ్వించడంలో నన్ను మించినవాళ్లు లేరు. అయితే ఒక్క విషయం మాత్రం అప్పుడే వింతగా ఉండేది. ఉరుము ఉరిమితే ఆవిడ పాఠం ఆపి, దాపరికం లేకుండా, “పిల్లలూ, నాకు భయమేస్తోంది, ఎవరైనా ఇలా వచ్చి నా పక్కన నిలబడండర్రా” అనేవారు. ఏ టీచరైనా పిల్లలతో అలా అంటుందా? మిగతా టీచర్లకీ భయాలుండేవి, వాళ్లు వాటిని బెత్తంలో దాచుకునేవారు. ఆ దెబ్బలు మా అరచేతులకి తెలుసు.

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. మా అమ్మ పలాసలో జీడిపిక్కల షెడ్డులో పిక్కలు ఒలిచేది. పిక్కల్లోని జీడిరసం తగిలి ఆమె వేళ్ల చివర్లు నల్లబడి, చర్మం పొరలుపొరలుగా లేచిపోయేది. స్కూలు ఫైనలు అయ్యాక నేనూ షెడ్డుకే వెళ్తానని అందరూ అనుకున్నారు, నాతో సహా. దీనమ్మ టీచరుగారు మా ఇంటికొచ్చి, గుమ్మం దాటకుండానే, అమ్మ చేతులు చూసి కళ్లు తిప్పుకున్నారు. బడిలో పుస్తకంలా మాట్లాడే మనిషికి, మనసు కదిలినా భయం వేసినా సముద్రం వారనున్న తన పుట్టింటి తోటల సీమ, ఉద్దానం మాట వచ్చేసేది. “మీ యమ్మ యేళ్లు సూసినావేటే? ఆ యేళ్లతో అన్నం ఎలాగ తింతందే? నువ్వు టైపు నేర్సుకో” అన్నారు. ఇన్‌స్టిట్యూట్ ఫీజు ఆవిడే కట్టారు. పరీక్ష ప్యాసయ్యాక కాశీబుగ్గలో బ్యాంకు హెడ్డాఫీసుకి ఆవిడే తీసుకెళ్లారు. తీరా మేడ మెట్ల దగ్గర నన్ను ముందుకి తోసి, “నువ్వే మాట్లాడు తల్లీ, నాకు నోరు పెగల్దు” అని వెనక నిలబడ్డారు. నేను మాట్లాడాను. ఉద్యోగం వచ్చింది.

ఆ బ్యాంకు పేరు చెబితే ఇప్పుడు గుర్తుపట్టేవాళ్లు లేరు, తర్వాత ఒక పెద్ద బ్యాంకులో కలిసిపోయింది. నేను చెబుతున్నది అరవైల చివరి మాట. జీడిపప్పు వర్తకులు, కొబ్బరితోటల రైతులు, బడిపంతుళ్లు, పురోహితులు, పెన్షను పుచ్చుకునే గుమాస్తాలు తలా కొన్ని షేర్లు కొనుక్కున్న కంపెనీ అది. ఆ షేరు ధర మద్రాసు పేపర్లో ఒక మూల చీమతలకాయంత అక్షరాల్లో పడేది. మా ఛైర్మన్‌గారు ఆ మూలని కత్తిరించి టేబులు అద్దం కింద పెట్టుకునేవారు. ఆయనది పెద్ద జీడిపప్పు ఫ్యాక్టరీ. మేనేజింగ్ డైరెక్టరు ఆయన అల్లుడు. మిగిలిన డైరెక్టర్లలో ఇద్దరు తోటలున్న పెద్దమనుషులు, ఒకరు టెక్కలి ప్లీడరుగారు. మా మిషన్ సంఘం వాళ్ల దగ్గర కూడా షేర్లు పోగయ్యేసరికి వాళ్ల ఓట్ల కోసం రిటైరైన దీనమ్మ టీచరుగార్ని కూడా బోర్డులో వేసుకున్నారు. ఆడమనిషి, మిషన్ మనిషి, పైగా భయస్తురాలు. ఛైర్మన్‌గారికి ఇంతకన్నా వాటమైన డైరెక్టరు దొరకదు.

బోర్డు మీటింగులకి నేను ఓ మూల కూర్చుని షార్ట్‌హ్యాండు రాసుకునేదాన్ని. మీటింగు అయ్యాక ఒక మర్యాద ఉండేది. ఒక్కొక్క డైరెక్టరు ముందూ ఒక వెండి పళ్లెం పెట్టేవారు. అందులో కట్టగా తమలపాకులు, వక్కలు. ఆ కట్టలోనే ఆకుల కింద మడత పెట్టిన నోట్లు. మీటింగుకి వచ్చినందుకు కంపెనీ ఇచ్చే ఫీజు అది. వచ్చి కూర్చున్నందుకు డబ్బు పుచ్చుకోవడమంటే పెద్దమనుషులకి నామోషీ, వదులుకోవడమంటే ప్రాణసంకటం. అందుకని తాంబూలం చేశారు. ఎవరూ ఆకులు ఎత్తి చూసేవారు కాదు. కబుర్లు చెబుతూ కట్టకి కట్ట కండువాలోకి జార్చేవారు. ఫీజనే మాట నోటివెంట రాకూడదు, అదీ పద్ధతి.

మా మిషన్ వాళ్లు తాంబూలం ముట్టరు. ఎర్రబడ్డ నోటితో గుడికి వస్తే మా పాస్టరుగారు మాట్లాడేవారే కాదు. అందుచేత దీనమ్మ టీచరుగారు, ఎదుటివాళ్ల మర్యాద చెడకుండా పళ్లెంలోది పుచ్చుకుని, బయటికొచ్చాక ఆఫీసు ఊడ్చే నూకాలు చేతిలో ఆ ఆకుల కట్ట పెట్టేసేవారు. “నమిలీయే” అనేవారు నవ్వుతూ. నూకాలు పూండి దగ్గర ఉద్దానం పల్లె నుంచి రోజూ వచ్చేది. ఆ కట్ట కళ్లకద్దుకుని కోకమడతలో దోపుకునేది. ఒకరోజు ఉన్నట్టుండి టీచరుగారి కాళ్ల మీద పడింది. ఆవిడ హడలిపోయి వెనక్కి గెంతి, “ఆకూ వక్కకి కాళ్ల మీద పడతావేటే పిచ్చిదానా!” అన్నారు. నూకాలు కళ్లు తుడుచుకుని చీపురు తీసుకుంది. నేనూ నవ్వాను. పళ్లాలు సర్దేది హెడ్ గుమాస్తా. ఆకుల కింద ఉండేదేమిటో అప్పటికి నాకూ తెలియదు.

ఆ ఏడాది భయాల ఏడాది. కొండల వైపు నక్సలైట్ల గొడవలు మొదలయ్యాయి. పొద్దు వాలితే మందస బస్సు కదిలేది కాదు. భూములున్నవాళ్లు పల్లెలు వదిలి కాశీబుగ్గలో అద్దె ఇళ్లు వెతుక్కున్నారు. పోలీసు లారీలు తోటల మధ్య దుమ్ము రేపుకుంటూ తిరిగేవి. ఉద్దానం నుంచి బియ్యం మూటతో ఎవరైనా కనబడితే, ఎవరికి పట్టుకెళ్తున్నావని ఆపేవారు. తీసుకెళ్లినవాళ్లలో కొందరు ఎప్పుడొస్తారో ఎవరూ చెప్పలేకపోయేవారు. పెద్దవాళ్లకి కొండలంటే భయం, పేదవాళ్లకి లారీలంటే భయం. అందరికీ కలిపి ఇంకొక భయం, ఎవరు ఎవరి గురించి ఏం చెబుతారోనని. మా అమ్మ బావి దగ్గర కూడా గొంతు తగ్గించి మాట్లాడేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం బోర్డు మీటింగు. షేర్‌హోల్డర్ల సర్వసభ్య సమావేశానికి ముందు జరిగేది. ఛైర్మన్‌గారు కండువా సర్దుకుని, “పరిత్తితులు సూత్తన్నారు కదా. పేనాలు అరసేత పెట్టుకుని మీటింగులకి వత్తన్నాం. ఫీజు రెట్టింపు సెయ్యడం నాయం” అన్నారు. అల్లుడిగారికి కూడా జీతం పెంపు, కారు, ఇంటద్దె, లాభంలో వాటా. ప్లీడరుగారు షేర్‌హోల్డర్లకి పంపే నోటీసు చిత్తు చదివారు. ఎం.డి.గారి జీతం వివరాలు ఆఫీసులో చూసుకోవచ్చట, డైరెక్టర్ల ఫీజు ఇప్పుడున్నదానికి రెట్టింపట. ఎంతకి రెట్టింపో అందులో లేదు. బల్ల చివర దీనమ్మ టీచరుగారు బడిపిల్లలా చెయ్యెత్తారు.

“రెట్టింపంటే... దేనికి రెట్టింపండీ?”

“సిట్టింగు ఫీజుకమ్మా” అన్నారు ప్లీడరుగారు.

“అలాంటిది ఒకటుందా అండీ?”

అందరూ ఘొల్లున నవ్వారు. ఛైర్మన్‌గారు నవ్వుతూనే, “బలేవారు టీచరుగారూ! పెతీ మీటింగుకీ మీరూ పుచ్చుకుంటన్నారు కదా. ఆకుల కింద యాభై రూపాయలు” అన్నారు.

టీచరుగారి నోరు తెరుచుకుంది. “అయ్యయ్యో, ఆ ఆకులు నాను నూకాలికిచ్చీసినానండీ!”

ఆ మాట ఆవిడ నోరు దాటేసింది. నూకాలు మంచినీళ్ల బిందెతో గుమ్మంలోనే ఉంది. దాని నెల జీతం నలభై రూపాయలు. ఆ ముఖం నేను ఇప్పటికీ మర్చిపోలేను. ఏదో దయగా తన చేతిలో పెట్టిన వస్తువు, దొంగసొత్తుగా మారడం కళ్లముందే చూస్తున్న ముఖం. గదిలో నవ్వు ఆగిపోయింది. ఛైర్మన్‌గారు మాత్రం ఆలోచనలో పడ్డారు. ఆయన ఆలోచనలో పడితే నాకు ఎప్పుడూ భయమే.

మిగతావాళ్లు వెళ్లిపోయాక ఆయన టీచరుగార్ని ఉండమన్నారు. కాయితాలు టైపు చెయ్యాలని నన్నూ ఉండమన్నారు. గొంతు పెంచలేదు. పెంచినా కొంత నయంగా ఉండేది.

“మీరు ఆకులిచ్చానన్నారు. డబ్బులిచ్చానన్లేదు. ఉన్నాయని ఎరగనే ఎరగనని అందరి ముందూ సెప్పినారు. ఎరగని సొమ్ము ఎలాగిత్తారు? మరి ఆ డబ్బులు ఎవులు తీసినట్టు?”

“నాదే తప్పండీ, అదేం చేసింది పాపం...”

“దాని ఊరు ఉద్దానం. ఠాణాలో ఒక్క ముక్క సెబితే సాలు. ఇన్నాళ్లూ ఈ డబ్బు ఎటెల్లింది, ఎవుల బియ్యానికెల్లింది అని ఆళ్లే రాబడతారు. నాకెందుకు సెప్పండి ఆ గొడవ? మీ మిషనోళ్ల ఓట్లు నాకు ఒప్పసెప్పినట్టు కాయితాల మీద సంతకాలెట్టించి మీటింగుకి పట్టుకురండి. వొచ్చి కూకోండి. కూకుంటే సాలు, మాటాడక్కర్లేదు.”

“అలాగేనండీ” అన్నారు దీనమ్మ టీచరుగారు. గదంతా నీలగిరి తైలం వాసన.

బస్సు కోసం నిలబడ్డప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద మండాల్సింది, ఆవిడ మీద మండింది. “తెలిసే ఇచ్చాను, అందరి ముందూ చెప్పడం ఇష్టంలేక అలా అన్నానని చెప్పెయ్యండి, అయిపోతుంది కదా!” అన్నాను. ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. “నాను అబద్దమాడితే నా మొకం సూసి కుక్కపిల్ల కూడా పట్టీత్తాదే. పోనీ ఆడినా, సంతకాలు పెట్టించీడం తప్పుతాదేటే? ఆ సదువురాని ముసిలోళ్లు నా మొకం సూసి పెడతారే సంతకం. ఏటికి పెడతన్నారో నాను సెప్పక్కర్లేదేటి?” అన్నారు. సంతకాలు పెట్టేవాళ్లకి నిజం చెబితే నూకాలికి పోలీసు లారీ. చెప్పకపోతే ఆ ముసలివాళ్లని మోసం చేసినట్టు. బస్సొచ్చింది. ఎక్కుతూ ఆవిడ మెట్టు తప్పితే కండక్టరు విసుక్కున్నాడు, ఆవిడ వాడికి కూడా క్షమాపణ చెప్పుకున్నారు.

నూకాలు పనిలోకి రావడం మానేసింది. ఆదివారం ప్రార్థన అయ్యాక టీచరుగారు మా ఇంటికొచ్చి, “నూకాలి ఊరెల్దాం, నువ్వు నాతో రా” అన్నారు. పూండిలో బస్సు దిగి జీడితోటల్లోంచి నడిచాం. మొగలిపొదల అవతల ఎక్కడో సముద్రం హోరు. మిట్టమధ్యాహ్నం, అయినా దారిలో మనుషులు లేరు. తోట మలుపులో ఒక లారీ ఆగి ఉంది. కానిస్టేబులు టీచరుగారి సంచీ విప్పమన్నాడు. ఒక బైబిలు, ఒక సీసా. సీసా మూత తీసి వాసన చూసి తుమ్మాడు. “ఏటిది?” “భయానికండీ” అన్నారు ఆవిడ. వాడు ఆవిడ వంక వింతగా చూసి, పొమ్మన్నాడు. నవ్వు రావలసిన మాటే. లారీ వెనకభాగంలో గోనెసంచుల మధ్య ఇద్దరు మనుషులు తలలు వంచుకుని కూర్చుని ఉన్నారు, అందుకని నవ్వు రాలేదు. లారీ కనుమరుగయ్యేదాకా మేం వెనక్కి తిరిగి చూడకుండా నడిచాం.

నూకాలు మమ్మల్ని చూసి మొగుడి మంచం వెనక్కి వెళ్లి నిలబడింది. అతను దగ్గుతూ లేవబోయాడు. “లేవకు నాయనా” అని టీచరుగారు నేల మీద కూర్చున్నారు. నూకాలు మంచం వెనకనుంచే మాట్లాడింది.

“ఎరిగే ఇత్తన్నారనుకున్నాను టీచరమ్మా. పేరు బయట పడకండా ఇత్తన్నారు, నానెందుకు నోరిప్పాల అనుకున్నాను. ఆ డబ్బుల్తోనే కుదవలో ఉన్న జీడిసెట్లు ఇడిపించుకున్నాం. ఇయ్యే, ఈ పెరట్లోయి. మళ్లీ కుదవెట్టీసి తెచ్చిచ్చీత్తాను. నన్ను ఠాణాకి మటుకు పంపకండి. మా పక్కింటోడ్ని అట్టుకెల్లినారు, ఆడి పెల్లాం రోజూ రోడ్డు మీదే కూకుంటంది.”

టీచరుగారు లేచి పెరట్లోకి వెళ్లారు. పెద్దతోటేమీ కాదు, ఇసకలో వాలి పెరిగిన నాలుగు చెట్లు. ఒక కొమ్మని పట్టుకుని, “కాపు బాగున్నాదేటే?” అని అడిగారు. “ఈ యేడు బాగున్నాదమ్మా” అంది నూకాలు ఏడుస్తూ. అంతే. ధైర్యం చెప్పలేదు, ప్రార్థన చెయ్యలేదు, ఏమీ కాదులే అని ఒక్క మాటైనా అనలేదు. తిరుగుదారిలో రుమాలు ముక్కు దగ్గరనుంచి తియ్యలేదు. ఆవిడ సంతకాలు పెట్టించేస్తారని నాకు ఖాయంగా అనిపించింది. నిజం చెప్పొద్దూ, పెట్టించెయ్యాలనే నాకూ ఉంది. నాకూ ఉద్యోగం కావాలి, మా అమ్మ చేతులకి విశ్రాంతి కావాలి, ఆ లారీ మా వీధిలోకి రాకూడదు.

సర్వసభ్య సమావేశం ఛైర్మన్‌గారి ఫ్యాక్టరీ గోడౌనులో జరిగింది. ముందు కుర్చీలు, వెనక చాపలు, తెర వెనక భోజనాలకి విస్తళ్లు. ఏటా ఒకటే వరస. ప్లీడరుగారు తీర్మానాలు ఇంగ్లీషులో గడగడ చదివేవారు, లోపల పప్పులో ఇంగువ పోపు పడేది, చేతులు లేచేవి. ఆ ఏడు గుమ్మం దగ్గర ఇద్దరు తుపాకీ మనుషుల్ని కూడా నిలబెట్టారు. ఛైర్మన్‌గారి రక్షణకట. వచ్చినవాళ్లంతా ఆ తుపాకుల పక్కనుంచి ఒదిగి ఒదిగి లోపలికి వచ్చి కూర్చున్నారు. దీనమ్మ టీచరుగారు డైరెక్టర్ల వరసలో చివరి కుర్చీలో, నా బల్ల పక్కనే కూర్చున్నారు. ఒళ్లో సంచీ. ఛైర్మన్‌గారు ఆ సంచీ వంక చూసి తృప్తిగా తల పంకించారు. ఆ కాగితాలు అందులో ఉన్నాయని ఆయనా అనుకున్నారు, నేనూ అనుకున్నాను. నూకాల్ని కూడా విస్తళ్లు వెయ్యడానికి పిలిపించారు. కావాలనే పిలిపించారు. టీచరుగారికి కనబడేలా తెర పక్కన నిలబెట్టారు.

ప్లీడరుగారు ఎం.డి.గారి జీతం తీర్మానం, డైరెక్టర్ల ఫీజు తీర్మానం చదివేశారు. “ఎవురికైనా ఏటైనా అడగాలున్నాదా?” అన్నారు ఛైర్మన్‌గారు, అప్పుడే కుర్చీలోంచి లేవబోతూ. ఏటా అనే మాటే. నా పక్కన కుర్చీ కిర్రుమంది. దీనమ్మ టీచరుగారు లేచి నిలబడి నా బల్ల అంచు పట్టుకున్నారు. ఆవిడ వణుకుకి బల్ల మీద నా పెన్సిలు దొర్లి కింద పడింది.

“నాను అడగడానికి కాదండీ. సెప్పడానికి లెగిసినాను” అన్నారు. పుస్తకం తెలుగు పూర్తిగా పోయింది. “మేం డైరెక్టర్లం మీటింగుకొచ్చి కూకుంటే, ఒక్కో మీటింగుకి ఒక్కొక్కరికీ యాభై రూపాయలు ఇత్తారండీ. తమలపాకుల కింద ఎట్టి ఇత్తారు. నాకు తెలీలేదు. నాను ఆకులు తినను. ఆ ఆకులు తీసి నూకాలికిచ్చినాను. అదిగో, ఆ తెర కాడున్న నూకాలికి. అప్పుడు ఎరగకండా ఇచ్చినాను. ఇప్పుడు మీరందరూ సూత్తుండగా ఎరిగి ఇత్తన్నాను. ఆ డబ్బు నాది, నాను దానికిచ్చీసినాను. దాన్ని ఎవులైనా దొంగంటే మీరే సాచ్చికం.”

ఛైర్మన్‌గారు, “టీచరుగారూ, కూకోండి” అన్నారు మెల్లిగా. గుమ్మం దగ్గర తుపాకీ మనిషి ఒక అడుగు ముందుకి వేశాడు. టీచరుగారు వాడిని చూశారు. రుమాలు ముక్కుకి నొక్కుకుని, తీసి, మళ్లీ మాట్లాడారు.

“ఇంకొక్క మాటండీ. ఆ యాభై ఇప్పుడు నూరు సేత్తారట. ఎం.డి.గారి జీతం పదిహేనొందలుండేది, రెండువేల అయిదొందలు అవుతాదట. కారూ, ఇంటద్దే, లాభంలో వాటా కాక. ఇయన్నీ ఆఫీసులో సూసుకోండని కాయితంలో రాసినారు. మీరు ఆఫీసుకెల్లి అడగ్గలరేటి? నాకే భయమేసి ఇన్నాళ్లు అడగలేదు. అందుకని సెప్పీసినాను. ఒప్పుకుంటే ఒప్పుకోండి. ఎంతో ఎరిగి ఒప్పుకోండి.”

కూర్చున్నారు. కూలబడ్డారనడం సరైన మాట. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యకపోతే తుపాకీ మనుషులు వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంటారనిపించింది. అప్పుడు చాప మీంచి మందస నుంచి వచ్చిన ముసలి కొబ్బరి రైతొకడు గొంతు సవరించుకున్నాడు. “అయితే బాబూ, మీ ఆకుల కింద నూరుంటే, మా డివిడెండు యే ఆకు కింద ఎతుక్కోమన్నారు?” అన్నాడు. ముందు ఒకరు నవ్వారు, తర్వాత పదిమంది. నవ్వుతున్నవాళ్లని పట్టుకెళ్లడం కష్టం కాబోలు, తుపాకీ మనిషి ఉన్నచోటే ఉండిపోయాడు.

చేతులెత్తమంటే తీర్మానానికి అనుకూలంగా కుర్చీల్లోవి కొన్ని లేచాయి. వద్దన్నప్పుడు చాపలన్నీ లేచాయి. ఛైర్మన్‌గారు శాంతంగా, చేతుల లెక్క కాదు, షేర్ల లెక్కన ఓటింగు పెట్టమన్నారు. మిషన్ వాళ్ల ఓట్లు లేకపోయినా, ఆయనవీ ఆయనవాళ్లవీ కలిపితే షేర్లు కాస్త ఎక్కువే వచ్చాయి. తీర్మానం నెగ్గింది. అల్లుడిగారికి జీతం పెరిగింది, డైరెక్టర్లకి నూరు రూపాయలైంది. కథల్లోలాగా ఛైర్మన్‌గారు తలదించుకోవడం లాంటిదేమీ జరగలేదు. భోజనాలకి లేవమని ఆయనే అందర్నీ నవ్వుతూ పిలిచారు.

అందరూ లేచారు, టీచరుగారు లేవలేదు. “పదండి టీచరుగారూ” అని వంగాను. ఆవిడ నా చెవిలో, “సుగుణా, నాను లెగలేనే” అన్నారు. ముఖం తెల్లగా పాలిపోయింది. కిందికి చూశాను. తెల్లచీర ఒళ్లోంచి కిందిదాకా తడిసి ఉంది. కుర్చీ కింద సిమెంటు మీద తడి పాకుతోంది. భయంతో, అందరి ముందూ, ఆ నీలం అంచు చీరలో, ఎప్పుడు జరిగిందో. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఛైర్మన్‌గారు ఇటే వస్తున్నారు. నేను మరేమీ ఆలోచించలేదు. నా బల్ల మీది మంచినీళ్ల కూజా ఎత్తి ఆవిడ ఒళ్లో బోర్లించేశాను. “అయ్యో, చెయ్యి జారిందండీ, క్షమించండి” అని గట్టిగా అరిచాను. ఛైర్మన్‌గారు నన్ను ఒక తిట్టు తిట్టి పక్కకి వెళ్లిపోయారు. నూకాలు తెర దగ్గరనుంచి పరిగెత్తుకొచ్చి, తన పైటకొంగు ఆవిడ నడుం చుట్టూ కప్పింది. ఇద్దరం చెరొక రెక్కా పట్టుకుని తుపాకీ మనుషుల మధ్యనుంచి బయటికి తీసుకొచ్చాం. బయట ఎండలో ఆవిడ సంచీ నా చేతికిచ్చారు. అందులో సీసా ఒక్కటే ఉంది.

నూకాల్ని బ్యాంకు పనిలోంచి తీసేశారు. ఠాణాకి మాత్రం పంపలేకపోయారు. అంతమంది విన్న మాటని దొంగతనమనడం ఛైర్మన్‌గారికి కూడా చేతకాలేదు. చెట్లు దానికే మిగిలాయి. టీచరుగార్ని మరుసటి ఏడు బోర్డులోంచి దించేశారు. ఆ తర్వాత చాలాకాలం, టెక్కలిలో ఆవిడ ఇంటి ముందు ఏ బండి ఆగినా మంచం కోడు పట్టుకుని కూర్చునేవారట. నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు. కూజా ఒలకబోసిన మొద్దుపిల్లనని వదిలేశారు కాబోలు. టీచరుగారు పోయినప్పుడు నూకాలూ నేనూ సమాధి దగ్గర పక్కపక్కనే నిలబడ్డాం.

సమావేశం రోజు మధ్యాహ్నం ఆరిన చీరతో బస్సు కోసం నిలబడ్డప్పుడు నేను ఆవిడని అడిగాను, అంత ధైర్యం ఎలా వచ్చింది టీచరుగారూ అని. ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయారు. “ధైర్యమా? వత్తాదేమోనని తీర్మానాలు సదివినంతసేపూ కూకుని సూసినానే. రాలేదు. ఈలోగా ఆయన లెగిసిపోతన్నాడు. ఇంకేటి సేత్తాను, నానూ లెగిసినాను” అన్నారు.

పెద్ద బ్యాంకులో నేను ఆఫీసరునై రిటైరయ్యాను. ఎన్ని మీటింగుల్లో, ఎంత పెద్దవాళ్ల ముందు, అడగకూడని లెక్కలు అడగవలసి వచ్చిందో. ప్రతిసారీ భయమేసేది, ఒక్కోసారి గొంతులోంచి మా షెడ్డు మాట వచ్చేసేది. ఎవరైనా నా లోపలి భయం తెలియక మీకెంత ధైర్యమండీ అంటే నాకు ఆ తడిసిన తెల్లచీర కనబడేది. మొదట్లో నేనూ ధైర్యం కోసం ఎదురుచూసేదాన్ని. తర్వాత మానేశాను. అది ఇప్పటికీ రాలేదు. లేవడం మాత్రం అలవాటైంది.